ముప్ఫై ఎనిమిది డిగ్రీలు

"మీకేం వచ్చు?" అని అడుగుతోంది ఫారం.
కింద ఒక ఖాళీ గడి. మూడొందల అక్షరాలు మించకూడదట.
బతూమిలో ఇవాళ పదకొండో రోజు వాన.
కిటికీ అద్దం మీద చినుకులు
ఒకదాన్నొకటి మింగి, లావెక్కి, జారుతుంటే
వాటిని చూసే కదా నేను లూపు నేర్చుకున్నది
అని రాసి, చెరిపేశాను.

పళ్ల డాక్టర్లకి పేజీలు కట్టడం వచ్చు.
నీలం బొత్తాం మూడు పిక్సెళ్లు ఎడమకి జరపమంటే జరిపి,
"ఇంతకుముందే బాగుంది" అంటే
మొహం చిట్లించకుండా వెనక్కి జరపడం వచ్చు.
రాత్రిళ్లు, ఎవరూ అడగనివి చేయడం వచ్చు:
వంకరలే తప్ప మూలలు లేని మా అక్షరాలు ముప్ఫైమూడూ
పైనుంచి రాలి, తెర అడుగున
నత్తల్లా ముడుచుకునే ఆట ఒకటి.
కూడికకు బదులు తీసివేత గుర్తు పడి
ఒకసారి వాన కిందినుంచి పైకి కురిసింది.
దిద్దలేదు. దానికో చిరునామా కొని అలాగే ఉంచాను.
రోజుకి నలుగురొచ్చి చూస్తారు,
అందులో ఇద్దరు నేనే.

ఇక అంజోర్ సంగతి.
మా వీధి మొదట్లో రొట్టెల బట్టీ ఆయనది.
నిలువునా నేలలోకి దిగిన మట్టి తోనెలోకి
నడుం దాకా వంగి, గోడకి పిండి చరిచే మనిషి.
కంప్యూటరంటే గిట్టదు.
"పేజీ ఎలా ఉండాలి?" అంటే
పిండిలోంచి చేతులు తీయకుండానే అన్నాడు:
"రొట్టె వేడిగా ఉంటే అదీ వేడిగా ఉండాలి. అంతే."

ఆ అంతేకి మూడు వారాలు పట్టింది.
తోనె బయటి ఇటుకకి చవక సెన్సరొకటి అంటించాను.
ముప్ఫై అయిదు దాటితే పేజీ నారింజ రంగు,
చల్లారేకొద్దీ బూడిద.
బొమ్మల్లేవు, మెనూ లేదు, ఒక్క మాట లేదు.
వీధి నిద్ర లేస్తూనే ఫోను వైపు చూసేది,
నారింజైతే చెప్పులేసుకునేది.

నవంబరులో ఒక రాత్రి, మూడున్నరకి,
పేజీ నారింజకి తిరిగింది.
నేను నత్తలతో మెలకువగానే ఉన్నాను.
కిటికీలోంచి చూస్తే గొడుగులు:
రేవులో నైట్ షిఫ్టు దిగిన క్రేను మనుషులు,
పసిదాన్ని భుజాన వేసుకున్న ఒకామె,
టాక్సీ ఇంజను ఆపకుండానే దిగిన జుంబేర్.
మూసిన తలుపు ముందు, వానలో, వరస.

లాగ్ చదువుతూ మెట్లు దిగాను:
ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిది.
ముప్ఫై ఎనిమిది పాయింటు రెండు.
ఏ నిప్పూ ఇంత నిలకడగా కాలదు.
వెనక తలుపు తోస్తే
తోనె అడుగున బూడిద చల్లగా,
సెన్సరు మీద, వైర్లను పక్కగుడ్డలు చేసుకుని,
ఒక మచ్చల పిల్లి.

పొయ్యిలో పిల్లి లేవలేదన్నమాట.
నా కోడు ఏ అబద్ధమూ ఆడలేదు:
వేడి ఉందా అని అడిగాను, ఉందంది.
ఎవరి వేడి అని అడగలేదు నేను.

అంజోర్‌ని లేపి క్షమాపణ మొదలుపెట్టాను.
ఆయన తలుపు సందులోంచి వరసని చూశాడు,
పిల్లిని చూశాడు, నన్ను చివర్న చూశాడు.
ఆవులించి, పుల్లలందుకున్నాడు.
"రంగు మార్చకు" అన్నాడు,
"కాసేపట్లో నిజం చేస్తాను."

తెల్లారకముందే నిజమైంది.
పసిది ఏడుపాపి ఆవిరి వైపు చెయ్యి చాచింది.
నా చేతిలోనూ ఎవరో ఒక శోతి పెట్టారు,
పడవలా కొనదేలి, మొనలు మాడి.

మర్నాడు హద్దు నలభై అయిదుకి పెంచాను.
ముప్ఫై ఎనిమిది దగ్గర మాత్రం
పేజీ మూలన రెండు చిన్న చెవులు లేస్తాయి.
ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గడిలో కర్సరు మిణుకుమంటోంది.
వాన ఆగలేదు.
రాశాను: రొట్టె వేడిని తెర మీదికి తేవడం వచ్చు.
పిల్లిని గుర్తుపట్టడం, కొంతవరకు.